చెక్ ట్రే

నెలకి ఇరవై రెండు రోజులు
నా కాపురం మోటారుసైకిల్ సీటు మీద.
భీమవరంలో తెల్లారి, మొగల్తూరులో ఎండ నడినెత్తికెక్కి,
నర్సాపురం రేవులో పంటెక్కితే
సఖినేటిపల్లిలో పొద్దుగూకుతుంది.
రాత్రికి రాజోలు లాడ్జిలో
ఒక తడి తువ్వాలూ, రెండు దోమలూ, నేనూ.

రొయ్యల మేత అమ్ముతాను.
అమ్మడమంటే తినడం కూడానని
ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.
ఈ లంకల్లో "వద్దండీ" అంటే
"ఇంకాస్త వెయ్యండి" అని అర్థం.
చెరువు గట్టు మీద మంచం వాల్చి,
అరిటాకు పరిచి,
చింతచిగురు రొయ్యలు గరిటెడు వడ్డించి,
"మా ముద్ద ముట్టకపోతే మీ మేత మేం ముట్టమండి ఆయ్" అంటారు.
నవ్వుతూనే అంటారు. నవ్వులాటకి కాదు.

ఆత్రేయపురంలో మొదటి పూతరేకు
కరిగిందని నాలుక గ్రహించేలోపు
రెండోది చేతిలో ఉంటుంది.
అంబాజీపేటలో పనసాకు బుట్టల్లోంచి
పొగలు కక్కే పొట్టిక్కలు.
ఎవరింట్లో ఏ శుభమైనా డబ్బాడు పాకుండలు.
ఏరు ఎర్రబారిన నెలలో పులస సంగతి
నేను చెప్పక్కర్లేదు, సామెత మీకు తెలుసు.

బెల్టుకి కొత్త బెజ్జం కావాల్సొచ్చింది.
రాజోలు సెంటర్లో చెప్పులు కుట్టే అప్పారావు
మేకుతో పొడిచిచ్చాడు.
రెండోసారీ పొడిచాడు.
మూడోసారి డబ్బులు పుచ్చుకోలేదు,
"పాత ఖాతాయే కదండీ" అన్నాడు.
"ఏం తిన్నారు?" అని రాత్రి ఫోనులో హేమసుందరి.
"మామూలే" అంటాను.
అది అబద్ధం కాదు. అదే కదా గొడవ.

ఓ వేకువన ముదునూరి సత్తిరాజుగారి చెరువులో
తాడు పట్టి చెక్ ట్రే పైకి లాగాను.
నిన్నటి మేత నానిపోయి అట్టడుగున మిగిలుంది.
"ఈ పూట తగ్గించండి రాజుగారూ,
మిగిలింది అడుగున కుళ్ళి నీరు పాడవుద్ది.
రాత్రిళ్ళు ఏరేటర్లు ఆపకండి,
కదలని నీళ్ళలో ఊపిరాడదు దానికి."
ఆయన ట్రే వంక చూశాడు.
నా పొట్ట వంక చూశాడు.
"మరి తమరి ట్రే ఎవరెత్తి చూస్తారండీ?"

ఆ మాట బురదలా కాళ్ళకంటుకుంది.

ఇప్పుడు బండి లాకుల దగ్గరే ఆపేస్తున్నాను.
కాలవ గట్టు వెంట నడిచే పోతాను చెరువుకి,
కొంగలు నన్ను చూసి లేవడం మానేశాయి.
పంటు మీద కూర్చోను,
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా
మేకల మధ్య, స్కూటర్ల మధ్య
అటూ ఇటూ తిరుగుతుంటే
"ఏవండీ, నది దాటుతున్నారా, కొలుస్తున్నారా?" అని సరంగు.
మధ్యాహ్నం విందు పడిన రోజు
రాత్రికి గ్లాసుడు మజ్జిగ, ఓ జాంకాయ.
"ఒక్క ముక్క తింటాను, మిగతాది పొట్లం కట్టండి" అనడం
ఆరు నెలలు పట్టింది నేర్చుకోవడానికి.
ఆ పొట్లాలు తిని సరంగు ఒళ్ళు చేశాడు.

అన్ని రోజులూ గెలవను.
పాలకొల్లులో ఓ పెళ్ళిలో చిత్తుగా ఓడాను,
మళ్ళీ ఓడతాను కూడా,
ఆ పనసపొట్టు కూరలో ఆవపెట్టిన చెయ్యి అలాంటిది.
మర్నాడు పొద్దున్నే గట్టెక్కి
ఓ రెండు చెరువులు ఎక్కువ తిరిగాను, అంతే.

మొన్న సత్తిరాజుగారు పూతరేకు చేతిలో పెట్టి
నేనేం చేస్తానోనని కళ్ళు చిట్లించి చూస్తున్నాడు.
మధ్యకి విరిచాను.
ఒకటి నేనుంచుకుని, ఒకటి ఆయన ముందు పట్టాను.
షుగరు మనిషి.
ఇంటి వైపు ఓసారి చూసి,
కోడలు పెరట్లో లేదని రూఢి చేసుకుని,
టక్కున నోట్లో వేసుకున్నాడు.

"నడుద్దాం పదండి" అన్నాడు, పంచె ఎగ్గట్టుకుంటూ,
"ఆ మూల చెరువు దాకా."
వెనకాల ఏరేటర్లు
నీళ్ళని చితక్కొడుతూనే ఉన్నాయి.